సైకిలు త్రొక్కువానికి పరువు లేదా?

ఉపాధ్యాయుడు సైకిలుమీద బడికి పోవుట వృత్తికే అప్రతిష్ఠ యని మా పెద్దాపురమున ఒక వాదము కొంతకాలముగా వినవచ్చుచున్నది. వాదించువారు చదువు రానివారు కారు. మా తోడి ఉపాధ్యాయులు, ఉద్యోగులు, వర్తకులు, పిల్లలను కాకినాడ కళాశాలలకు పంపుచున్న తలిదండ్రులు. వీరు మొగముమీద నిందింపరు. “ఏమండి మాస్టారూ, జీతాలు బాగానే వస్తున్నాయి కదా, ఇంకా ఈ సైకిలేనా?” అని నవ్వుచు అడుగుదురు. ఆ నవ్వులో జాలి కొంత, వెక్కిరింత కొంత, హితోపదేశము కొంత. నడివీథిలో దీనికి సమాధానము చెప్పుటకు వీలులేదు. వెనుకనుండి మోటారుబండ్లు హారను మ్రోగించుచుండును. కావున ఇచ్చట తీఱికగా చెప్పదలచితిమి.

ముందుగా వస్తువేదో నిర్ణయించుకొందము. మేము సమర్థించునది గేర్లు మార్చుకొను సైకిలు గాదు. బ్యాటరీతో నడచునదియు గాదు. ముందొక పండ్లచక్రము, వెనుక మఱియొక చిన్న పండ్లచక్రము, రెంటిని కలుపు చైను; అంతటితో యంత్రము సరి. పాలవాడును, పోస్టుమానును, అరటిగెలలు మోయువాడును ఏండ్ల తరబడి త్రొక్కిన నల్లసైకిలే యది. సంస్కృతము కొంత చదివినవారము గావున ఒక మాట చెప్పక యుండలేము. ద్విచక్రవాహనమనగా రెండు చక్రముల బండి. ఆ పేరునకు తొలి హక్కు సైకిలుది. నేడు “ద్విచక్రవాహనములు ఇచ్చట నిలుపవలెను” అని బోర్డు కట్టిన చోట సైకిలు నిలిపి చూడుడు. కాపలావాడు వచ్చి “ఇది బళ్ళు పెట్టుకునే చోటండి, ఆ గోడకి చేరెయ్యండి” అనును. చక్రములు రెండే యున్నవి. మనుష్యుని మోయుచునే యున్నది. అయినను అది బండి కాదు! పేరు పోయినది, చోటు పోయినది. పరువును ఎవరు ఎప్పుడు పట్టుకొని పోయిరో విచారింపవలసి యున్నది.

పరువు సైకిలునందే కాపురమున్న కాలమును మా ముందుతరమువారు కన్నులార చూచిరి. ఆ కాలమున సైకిలున్న ఇల్లు కలిగిన ఇల్లు. పంచాయితీకో పురపాలక సంఘమునకో పన్ను కట్టి తెచ్చుకొన్న రేకుబిళ్లను బండికి బిగించుకొని తిరుగుటయే ఒక హోదా. రాత్రివేళ దీపము లేక పోయినచో పోలీసు పట్టుకొనెడివాడు. పట్టువడుటలో సైతము కొంత గొప్ప యుండెడిది, ఏలయన పట్టువడుటకు ముందు బండి యుండవలెను గదా! 1951లో సోనీపత్తులో అట్లాసు, 1956లో లూథియానాలో హీరో, వానికి కొంచెము ముందే మద్రాసులో టీ.ఐ. కంపెనీ సైకిళ్లు చేయ మొదలిడిన తరువాత గాని అవి పల్లెలకు విరివిగా రాలేదు. అంతవఱకు విలాయతీ ర్యాలీబండి ఊరికొకటి రెండు. కరణముగారికో మునసబుగారికో, లేదా బాగుగా చదువుకొన్న అల్లునికో.

అల్లుడను మాట ఊరక వ్రాయలేదు. 1950 తరువాత రెండు మూడు దశాబ్దములు మన జిల్లాలలో పెండ్లి మాటలలో సైకిలు తప్పని పద్దు. చేతిగడియారము, ఉంగరము, సైకిలు. కొంచెము తరువాత రేడియో. మాట యిచ్చి మఱచిన మామగారిమీద అల్లుడు అలకపాన్పెక్కి సైకిలు వచ్చువఱకు దిగని కథలు మన ముసలివారు ఇప్పటికిని నవ్వుచు చెప్పుదురు. ఆ నవ్వులో ఆడపిల్ల తండ్రి వినబడడు. 1961లో వరకట్న నిషేధచట్టము వచ్చినది. చట్టము వచ్చినను పద్దు పోలేదు. వస్తువు మాత్రము మాఱెను. సైకిలున్నచోట స్కూటరు వచ్చెను. స్కూటరు పోయి మోటారుసైకిలు వచ్చెను. ఇప్పుడు కొన్ని యిండ్లలో కారు లేనిదే తాంబూలములు కదలుట లేదు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో మొదట ఆడబడెను. కాళ్లకూరి నారాయణరావుగారి వరవిక్రయము వెలువడి నూఱేండ్లు దాటినవి. ఆడపిల్లను అమ్ముట పోయి మగపిల్లవానిని అమ్ముట వచ్చెను; అమ్మకపు చీటీలో బండిపేరు తరమునకొకసారి మాఱుచున్నది.

ఇక ఆలోచింపుడు. నాడు తాత యే సైకిలుకై అలిగెనో, ఆ సైకిలును నేడు మనుమడు ముట్టుకొనడు. ఇనుము అదే, చక్రములవే, సీటు క్రింది స్ప్రింగులు సైతము అవే. బండిలో మార్పు లేదు గావున పరువు బండిలో నున్నదనుట అసత్యము. ప్రక్కయింటివానికి లేకుండుటలోనే ఆ పరువు యావత్తు నున్నది. అందఱికిని అందిన దినమున అది చచ్చును. జనాభా లెక్కలు చూడుడు: దేశములో సైకిలున్న కుటుంబములు 2001లో నూటికి 43.7, 2011లో 44.8. అనగా ఇంచుమించు నిలిచియున్నది. మోటారు ద్విచక్రమున్న కుటుంబములు అదే పదేండ్లలో 11.7 నుండి 21కి పెరిగెను. ఇన్ని యిండ్లకు వచ్చిన పిమ్మట మోటారుసైకిలునకును ఆ పరువు ఎన్నాళ్లు నిలుచును? అప్పుడే నిలువలేదు. వంద సీసీల బండి తెచ్చిన అల్లుని చూచి రెండువందల సీసీల బండి తెచ్చిన తోడల్లుడు నవ్వుచున్నాడు.

ఈ నవ్వులాటకు సొమ్ము కట్టువాడెవడు? మాకు తెలిసిన యొక తండ్రి యున్నాడు. మా ఊరి పట్టునేత కుటుంబములలోనివాడు. అల్లునకు మోటారుసైకిలు కొనిపెట్టుటకై నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు చేసెను. అల్లుని ఇంటినుండి అతడు పనిచేయు కొట్టునకు దూరము రెండు కిలోమీటర్లు. మేము ఒకనాడు త్రొక్కి చూచితిమి. ఎనిమిది నిమిషములు పట్టినది. ఆ యెనిమిది నిమిషములను మూడు నిమిషములుగా చేయుటకై ఒక ముదుసలి కన్నులు కానరాకున్నను ఇంకను మగ్గపు గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చుండుచున్నాడు. “ఏం చేస్తామండి, పిల్ల సుఖపడాలి కదా. సైకిలిస్తానంటే నలుగురూ నవ్వరా?” అని మాతో అనెను. ఆ నలుగురు ఎవరో వెదకి చూచితిమి. మాతో వీథిలో హితము చెప్పువారే యా నలుగురు. ఉపాధ్యాయుడు సైకిలెక్కుట అప్రతిష్ఠ యని తీర్పు చెప్పినవాడు, తెలిసియో తెలియకయో, ఆ మగ్గముమీది ముసలివాని అప్పుపత్రమునకు సాక్షిసంతకము చేసినవాడే.

అందుచేతనే యీ విషయమును వేళాకోళముగా వదలుటకు మాకిష్టము లేదు.

మా ప్రతిపక్షులలో కొంచెము శాస్త్రజ్ఞానము గలవారు మఱియొక మాట తెచ్చిరి. “సైకిలే కావాలంటే గేర్లది కొనుక్కోండి మాస్టారూ, ఇదేం బండి?” అని. దీనికి లెక్కతో జవాబు చెప్పవచ్చును. మా సైకిలునకు ముందు 44 పండ్లు, వెనుక 18. పెడలు ఒక చుట్టు త్రిప్పినచో వెనుకచక్రము రెండున్నర చుట్లకు కొంచెము తక్కువ తిరుగును. బండి ఇంచుమించు అయిదున్నర మీటర్లు ముందుకు పోవును. నిమిషమునకు నలువదియైదు చుట్లు త్రిప్పినచో, అది రొప్పు పుట్టని తీరుబడి త్రొక్కుడు, గంటకు పదునైదు కిలోమీటర్ల వేగము వచ్చును. పెద్దాపురమునుండి సామర్లకోట రైల్వేస్టేషనునకు అయిదారు కిలోమీటర్లు. ఇరువది యిరువదియైదు నిమిషములు. మన సమభూమికి ఇంతకుమించి యే పండ్లచక్రమును అక్కఱలేదు.

సమభూమి యనుటకు సాక్ష్యము కావలెనా? 1847 మొదలు 1852 వఱకు ధవళేశ్వరమున కాటను దొర ఆనకట్ట కట్టించెను. అచ్చటినుండి ఏ యంత్రమును త్రోయకయే గోదావరినీరు కాలువలవెంట సామర్లకోట వఱకును కాకినాడ వఱకును తనంతట తాను నడచి వచ్చుచున్నది. పాఱుటకు చాలినంత వాలు. పరుగెత్తుటకు చాలని వాలు. నీరు తీఱికగా నడచు నేలమీద మనుష్యుడును ఒకే గేరుతో తీఱికగా పోగలడు. కాలువగట్టు బాటలు సైకిలునకే పుట్టినట్లుండును; సామర్లకోట కాలువగట్టున తెల్లవాఱుజామున పోయినవారికి ఈ మాట బోధపడును. గేర్లు కొండదేశములవారి యవసరము. ఆ దేశములలో సైతము అవి యంత సులభముగా అంగీకారము పొందలేదు: ప్రసిద్ధమగు ఫ్రాన్సుదేశపు సైకిలుపందెమున చైనును ఒక పండ్లచక్రమునుండి మఱొకదానికి మార్చు పరికరమును 1937 వఱకు అనుమతింపనే లేదు. ఆల్ప్సు పర్వతములనే ఎక్కినవారు అంతకాలము అది లేకయే యెక్కిరి.

మా ఊరికి ఎత్తు బొత్తిగా లేదనము. పెద్దాపురము డెల్టా యంచున నున్నది. మెట్టభూములు ఇచ్చటనే మొదలగును. పాండవుల మెట్ట కన్నులయెదుటనే యున్నది. అట్టి ఎత్తు వచ్చినచోట దిగి నడిపించెదము. దిగుట చిన్నతనమని మాకు తోచలేదు. దారినపోవువానితో రెండు మాటలాడుటకు అదియే సమయము.

పిల్లలకు ఇరువదియొక్క గేర్ల సైకిళ్లు కొనిపెట్టుచున్న తండ్రులకు ఒక మనవి. మా బడి ఆవరణలో అట్టి సైకిళ్లను మేము పరిశీలించితిమి. త్రొక్కు పిల్లలలో ఎక్కువమంది ఒకే గేరునందుంచి త్రొక్కుచున్నారు. తక్కిన ఇరువదియు తుప్పు పట్టుచున్నవి. రెండు వానకాలములు గడచునప్పటికి గేరు తీగ బిగిసిపోవును. చైను దుమికి ఫోర్కులో ఇఱుకును. ఊరి సైకిలుషాపువాడు చూచి “దీని సామాను కాకినాడలో దొరకాలండి” అనును. బండి గోడకు చేరును. పిల్లవాడు స్కూటరడుగును. నల్లసైకిలుకు వచ్చు జబ్బులేవి? ట్యూబు పంక్చరు, బ్రేకుకట్ట అఱుగుట, ఫ్రీవీలులో ఇసుక. ఒక గిన్నెడు నీరు, ఒక రబ్బరుముక్క, ఒక నూనెచుక్క, రెండు పానాలు. చెట్టుక్రింది వైద్యుడే దానికి చాలును. బాగుచేయుచుండగా ప్రక్కన కూర్చున్న పదేండ్ల బాలునకు యంత్రశాస్త్రములో తొలిపాఠము కనులయెదుట జరుగును. ఏ భాగమును మూతక్రింద లేదు. ఏది దేనిని త్రిప్పుచున్నదో బహిరంగముగా నున్నది. మేము ఎనిమిదవ తరగతికి పండ్లచక్రముల నిష్పత్తిని చెప్పవలసినప్పుడు మా సైకిలునే తలక్రిందులుగా నిలుపుదుము. అది చూచిన పిల్లలు నల్లబల్లమీద బొమ్మను మఱల అడుగరు.

ఇచ్చట ఒక చిత్రము చెప్పవలెను. బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగము చేయు మా ఊరి యువకుడొకడు సంక్రాంతికి వచ్చుచు తనతో ఒక సైకిలు తెచ్చెను. దానికి గేర్లు లేవు. మడ్‌గార్డు లేదు, క్యారేజి లేదు, స్టాండు లేదు, బెల్లు లేదు. తుదకు ఫ్రీవీలును లేదు. వెనుక పండ్లచక్రము చక్రమునకే బిగింపబడి యుండును. చక్రము తిరుగుచున్నంతవఱకు పెడళ్లు తిరుగుచునే యుండును. కాళ్లకు విశ్రాంతి లేదు. వెనుకకు ఒత్తిపట్టిన బండి నెమ్మదించును. దీనిని ఫిక్సీ యందురట. కొత్త సంగతి కాదు: 1885లో ఇంగ్లాండున స్టార్లీ తయారుచేసిన రోవరు సైకిలు మొదలు ఫ్రీవీలు వ్యాప్తికి వచ్చిన 1900 ప్రాంతమువఱకు సైకిళ్లు చాలవఱకు ఇట్టివే. వెనుకకు త్రొక్కి విద్య చూపు సర్కసువాని సైకిలును ఇట్టిదే. మహానగరములలో ఉత్తరములు, పొట్లములు చేరవేయు కుఱ్ఱవాండ్రు చవుకయని, చెడదని దీనిని వాడగా, చూచిన షోకుదొరలు వేలు పోసి కొన మొదలిడిరి. మా వీథిలో ఆ సైకిలు చుట్టు ఇరువదిమంది మూగిరి. వెల విని ముక్కుమీద వ్రేలు వేసికొనిరి. మమ్ము మందలించు పెద్దమనుష్యుడొకడు దాని హ్యాండిలును నిమిరి “ఎంత సింపులుగా ఉందండి, గేర్లు గీర్లు ఏమీ లేవు!” అని మెచ్చుకొనెను. అదే క్షణమున మూడు క్యానులు తగిలించుకొని పాలవాడు ప్రక్కగా పోయెను. అతని బండికిని గేర్లు లేవు. ఎవరును తల త్రిప్పలేదు. సముద్రము దాటి తిరిగి వచ్చువఱకు మన వస్తువును మనము గుర్తింపని జబ్బు పాతది. దానికిది మఱొక సాక్ష్యము.

ఫిక్సీ మన బజారునకు తగునా యనినచో తగదనియే మా అభిప్రాయము. సంతదినమున అడ్డము వచ్చు గేదెకు బ్రేకులేని బండి సంగతి తెలియదు. దిగుడులో కాళ్లెత్తి కూర్చుండి గాలి తగిలించుకొనుట పెద్దాపురమున బ్రదుకువానికి దేవుడిచ్చిన భాగ్యములలో నొకటి. దానిని ఫ్యాషనుకై వదలుకొన నక్కఱలేదు. ఫ్రీవీలు, రెండు బ్రేకులు, క్యారేజి, బెల్లు, రాత్రికి దీపము. ఇంతయున్న ఒంటిగేరు సైకిలే సంసారిబండి.

ఇక ఎండ, చెమట, వయస్సు. ఇవి గౌరవముగల ఆక్షేపణలు. వైశాఖమున రెండుగంటలవేళ సైకిలు త్రొక్కుమని మేము ఎవరికిని చెప్పము. ఆ వేళ మోటారుబండిమీద పోవువాడును మాడును. కాని బడి పెట్టు వేళ ఉదయము. వదలు వేళ చల్లబడిన తరువాత. మాకు నలువదియాఱు సంవత్సరములు. మా వయసువారిలో చక్కెరవ్యాధి లేనివానిని వ్రేళ్లమీద లెక్కింపవలసి యున్నది. భారతీయ వైద్యపరిశోధనామండలివారు 2023లో ప్రకటించిన లెక్కలో మధుమేహముగలవారు దేశమున పదికోట్లకు పైబడిరి. వైద్యుడు నడువుమనును, సైకిలు త్రొక్కుమనును. అపుడు మన పెద్దమనుష్యుడేమి చేయును? మోటారుసైకిలెక్కి మైదానమువఱకు పోయి, అచ్చట ప్రదక్షిణములు చేసి, మరల మోటారుసైకిలెక్కి యింటికి వచ్చును. అంతటితో తృప్తిలేనివాడు ఒక కదలని సైకిలును కొని పడకగదిలో పెట్టుకొనును. దానికి చక్రములుండవు, గమ్యముండదు. అర్ధగంట త్రొక్కినను మంచము ప్రక్కనే యుండును. నలుగురు చూడకుండ తలుపు వేసికొని త్రొక్కవచ్చును గావున దానికి అప్రతిష్ఠ లేదు కాబోలు! నెల తిరుగునప్పటికి దానిమీద తుండుగుడ్డలు ఆఱుచుండును. ఈ పెద్దమనుష్యుడే మమ్ము వీథిలో ఆపి “ఇంకా ఈ సైకిలేనా?” అని అడుగునది.

పెద్దల యీ రోగము పిల్లలకు అంటినది. పదవతరగతి బాలుడు, మీసము రానివాడు, తండ్రి స్కూటరుమీద ముగ్గురిని ఎక్కించుకొని బడికి వచ్చుచున్నాడు. 2019లో సవరింపబడిన మోటారువాహనముల చట్టము ప్రకారము మైనరు చేతికి బండి యిచ్చిన సంరక్షకునకు మూడేండ్ల వఱకు ఖైదును, ఇరువదియైదువేల రూపాయల జరిమానాయు విధింపవచ్చును. ఈ మాట తలిదండ్రుల సభలో మేము చెప్పగా ఒక తండ్రి లేచి “మీరంతా మోటారుబళ్ళమీద వచ్చి, మా పిల్లల్ని సైకిలెక్కమంటారేంటండి?” అనెను. మా పాఠశాలలో సైకిలుమీద వచ్చువారము ఇద్దరము. ఆ తండ్రికి సమాధానము చెప్పుటకు తక్కినవారెవరును లేవలేదు. అతడు అడిగినదానిలో తప్పు లేదు.

బాలుర సంగతి ఇట్లుండ, బాలికల సంగతి ఇంతకన్న బాధాకరము. 1896లో అమెరికాలో సూజన్ ఆంథొనీ యను వృద్ధనాయకురాలు, స్త్రీలకు స్వాతంత్ర్యము తెచ్చుటలో సైకిలు చేసినంత పని మఱేదియు చేయలేదను భావము ప్రకటించెను. అది దూరదేశపు మాట యనువారు మన ప్రక్కరాష్ట్రమును చూడవచ్చును. తమిళనాట పుదుక్కోట జిల్లాలో 1991లో అక్షరాస్యతోద్యమము సాగినపుడు, కలెక్టరగు షీలారాణి చుంకత్ గారి ప్రోత్సాహమున పదులవేలమంది పల్లెస్త్రీలు సైకిలు నేర్చిరి. కూలీలు, రాళ్లు కొట్టువారు, అంగనువాడీ పనివారు. ఆడవారి సైకిళ్లు చాలక మగవారి సైకిళ్లనే త్రొక్కిరి. ముందుబారుమీద బిడ్డను, వెనుక నీటికుండను పెట్టుకొని పోయిరి. నవ్వినవారు నవ్విరి, తరువాత వారి భార్యలే నేర్చుకొనిరి. బీహారులో 2006 నుండి తొమ్మిదవతరగతి బాలికలకు సైకిళ్లిచ్చిన పిమ్మట ఆర్థికశాస్త్రజ్ఞులు లెక్కించి చూడగా ఉన్నతపాఠశాలలో చేరు బాలికల సంఖ్య నూటికి ముప్పదివఱకు పెరిగినట్లు తేలెను. మన ఆంధ్రరాష్ట్రమునందును 2017 తరువాత ‘బడికొస్తా’ యను పేర ఉన్నతపాఠశాల బాలికలకు సైకిళ్లు పంచబడెను. ఈ బండ్లన్నియు ఒంటిగేరువే యని వేఱుగ చెప్పనక్కఱలేదు.

మా వద్ద చదివిన ఒక బాలిక అట్టి సైకిలుమీద ఏడు కిలోమీటర్ల దూరమునుండి రెండేండ్లు వచ్చెను. వానలో వచ్చెను, మరిడమ్మ జాతర జనములోనుండి దారి చేసికొని వచ్చెను, ఒక్కనాడు ఆలస్యముగా రాలేదు. గణితమున తరగతికి మొదటిది. పదవతరగతి నెగ్గిన తరువాత కళాశాల ఇంకొక మూడు కిలోమీటర్లే యెక్కువ. ఇంటిలో పెద్దలు కూడి, పెండ్లీడు పిల్ల సైకిలు త్రొక్కుచు పోయిన పరువు పోవుననియు, ఆటోకు నెలనెల కట్టలేమనియు తీర్మానించిరి. చదువు నిలిచెను. అదే యేడు ఆమె అన్నకు వాయిదాలమీద మోటారుసైకిలు కొనిరి. మేము పోయి తండ్రితో మాటలాడితిమి. “మీకేంటి మాస్టారూ, మీరు మగవాళ్ళు, మీరు సైకిలెక్కితేనే నవ్వుతున్నారు. నా పిల్లనెక్కించమంటారా?” అని అడిగెను. ఆ సైకిలును మేము చూచితిమి, చూరుక్రింద నున్నది, చైను తీసివేసి ఎవరో బావి గిలకకు వాడుకొనుచున్నారు. ఆ బాలికకు మఱుసటి సంవత్సరమే సంబంధములు చూచిరి. వరునివారి చీటీలో మొదటి పద్దు ఏదో చదువరులకు చెప్పనక్కఱలేదు.

ఒక్క ఆక్షేపణ మిగిలినది. అది అన్నిటికన్న బరువైనది. రోడ్డుమీద లారీలున్నవి. రాజానగరమునుండి మా ఊరిమీదుగా సామర్లకోటవైపు పోవు ఏ.డి.బి. రోడ్డుమీద రేవునకు పోవు లారీలు, ఇసుకబండ్లు, బస్సులు రాత్రింబగళ్లు నడచును. ఆ రోడ్డుమీద సైకిలువాడు ప్రాణము అఱచేత పెట్టుకొని పోవుచున్నాడు. ఈ మాటను మేము కాదనము. మేమును ఆ రోడ్డుమీద చీకటిపడిన తరువాత పోము. కాని ఈ ఆక్షేపణ సైకిలుమీద వేయవలసినది కాదు. చంపునది సైకిలు గాదు. రోడ్డు వెడల్పుచేసిన ప్రతిసారియు ఆ వెడల్పంతయు మోటారునకే పోవుచున్నది. అంచున మిగిలిన మట్టిగట్టును దుకాణములును, నిలిపిన కార్లును ఆక్రమించుచున్నవి. సైకిలువాడు, నడచువాడు, బడిపిల్ల, ముగ్గురును తారు చివఱ జానెడు చోటుకై దేవులాడుచున్నారు. వీరికై అడుగువాడు లేడు, ఏలయన అడుగదగిన చదువున్నవారందఱును మోటారెక్కిరి. గోడలమీద సైకిలుబొమ్మ 1983 ఎన్నికలనాటినుండి మన రాష్ట్రమంతట కనబడుచునే యున్నది; ఏ పార్టీ యూరేగింపునందైనను ముందు నడచునవి మాత్రము కార్లు. ఐక్యరాజ్యసమితి 2018లో జూన్ 3వ తేదిని సైకిలుదినముగా ప్రకటించెను; 2020లో సరిగా ఆ దినముననే అట్లాసు కంపెనీ తన సాహిబాబాదు కర్మాగారమును మూసివేసెను. కారణములు కంపెనీ లెక్కలలోనివే కావచ్చును. కాని ఆ వార్త విని మా ఊరిలో ఒక్కరైన నిట్టూర్చినట్లు మేము వినలేదు.

కావున మా తోడి ఉపాధ్యాయులను మేమడుగునది ఇది. మూడు కిలోమీటర్లలోపల ఇల్లున్నవారు, ఒంట్లో ఓపికయున్నవారు, వారమునకు రెండుదినములు సైకిలుమీద రండు. త్యాగమని అనుకొననక్కఱలేదు, పెట్రోలు డబ్బు మిగులును. బడిలో గోడవారగాక ముందువైపున సైకిళ్లకు నీడగల చోటు అడుగుదము. మాతో కలిసి అడుగుడు. పురపాలక సంఘమువారిని ఏ.డి.బి. రోడ్డునుండి బడులవైపు పోవు వీథులలో అంచు ఖాళీచేయించి, సైకిలునకు ఆఱడుగుల దారి గీయుమని వ్రాతమూలముగ అడిగితిమి. మా యర్జీమీద ఇప్పటికి సంతకములు పదునొకండు. అందు తొమ్మిది విద్యార్థినులవి.